వాన చెప్పే నోరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నన్ను వాన చెప్పే పిల్లాడు అనేవాళ్లు. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు తెలుసు. అందులో నిజం లేదనీ తెలుసు. ఒక్కసారి నోరు తెరిచి ఆ సంగతి చెప్పి ఉంటే మా పక్కింటి పెద్దమ్మకు ఇంకో పేరు వచ్చేది కాదు. నేను చెప్పలేదు. నాకు వచ్చిన పేరు ఏడాది తిరిగేసరికి పోయింది. ఆవిడకు వచ్చినది మొన్నమొన్నటిదాకా ఉంది. నాకిప్పుడు యాభై దాటాయి. ఎవరూ అడగకపోయినా ఇది ఉన్నదున్నట్టు రాయాలనిపించింది.

మాది అద్దంకి దగ్గర పల్లె. నల్లరేగడి నేల, ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. పండిన కాయ కోసి ఊరి బయట కల్లాల్లో పరిచి ఎండబెడతారు. ఎండేటప్పుడు ఒక్క వాన తగిలితే చాలు, రంగు పోతుంది, బూజు పడుతుంది, తెల్లగా తాలుకాయ అయిపోతుంది. అందుకని ఆ రోజుల్లో మా ఊరివాళ్లతో మాట్లాడటం కష్టం. మాట మధ్యలో తలెత్తి ఆకాశం చూస్తారు. మనం చెప్పేది వింటున్నారో మబ్బును లెక్కేస్తున్నారో తెలియదు.

నేను రెండో తరగతి చదివే ఏడు, శివరాత్రి ముందు, మా తాతయ్య నన్ను కల్లానికి తోడు తీసుకెళ్లాడు. మేకలు రాకుండా చూడటం నా పని. ఊళ్లోనేమో తిరునాళ్లకు తీసుకెళ్లే ప్రభ కడుతున్నారు. వెదురు బొంగులకు రంగు కాగితాలు అంటించి, బల్బులు బిగించి, ఆ సాయంత్రం మొదటిసారి లైట్లు వేసి చూస్తారని పిల్లలందరూ చెప్పుకుంటున్నారు. తాతయ్య పొద్దు గుంకేదాకా కదలడు. నాకు ఏం చేయాలో తోచలేదు.

"తాతయ్యా, వానొస్తుంది. కుప్ప చేసేయ్," అన్నాను.

తాతయ్య తలెత్తి చూశాడు. ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది ఆకాశం. "ఎవడ్రా చెప్పింది?" అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను. గట్టిగా అన్నాను. నమ్మేలా లేడని కాస్త ఏడుపు కూడా కలిపాను. నా గోల పడలేక తాతయ్య కాయంతా కుప్ప చేశాడు, పట్టా కప్పాడు, చుట్టూ రాళ్లు పెట్టాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ప్రభ చూశాను. చాలా బాగుంది.

తెల్లవారుజామున వాన పడింది. మాఘమాసంలో ఎవరూ అనుకోని వాన. ప్రభకు అంటించిన రంగు కాగితాలు నానిపోయి జారిపోయాయి. చుట్టుపక్కల కల్లాల్లో పరిచిన కాయ పరిచినట్టే తడిసింది. మా కుప్ప ఒక్కటే పొడిగా ఉంది.

ఆ పొద్దున టీ బంకు దగ్గర తాతయ్య, "మావాడు చెప్పాడు," అన్నాడు. అంతే అన్నాడు. అది నిజమే కూడా. కానీ సాయంత్రానికి ఆ మాటకు కాళ్లొచ్చాయి. నేను పడమటి దిక్కు చూసి చెయ్యెత్తి చెప్పానన్నారు. నాలుగు రోజులు పోయాక నేను నిద్రలో లేచి కూర్చుని చెప్పానన్నారు. శివరాత్రి వెళ్లాక పక్క ఊరి నుంచి వచ్చిన ఒకాయన, నేను పుట్టిన రోజున కూడా వాన పడిందని మా ఇంట్లోనే కూర్చుని మా అమ్మకు చెప్పాడు. మా అమ్మ కాదనలేదు. నేను పుట్టింది నడి వేసవిలో. ఆ కథలో నేను రోజురోజుకీ పొడుగవుతున్నాను. బయట మాత్రం గోళీలాటలో ఓడిపోయే పిల్లాడినే.

ఇప్పుడు తలుచుకుంటే నాకొకటి అనిపిస్తుంది. పేరు తెచ్చుకోవడం అంటాం గానీ, తెచ్చుకునేవాడు చేసేది చాలా తక్కువ. నేను చేసిందల్లా ఒక అబద్ధం ఆడటం. మిగిలిన పనంతా ఊరు చేసింది.

జనం రావడం మొదలుపెట్టారు. పత్తి తీతకు కూలీల్ని ఎప్పుడు పిలవాలని అడిగేవాళ్లు. గేదె పెయ్యను ఈనుతుందా, దున్నను ఈనుతుందా అని అడిగేవాళ్లు. మా పంతులుగారు కూడా ఒకరోజు బడి వదిలాక నన్ను ఆపి, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, తన బదిలీ ఆగుతుందా అని అడిగారు. ఆగుతుందన్నాను. ఆగలేదు. అయినా వెళ్లేరోజు నా తల నిమిరి, "నేనే ఆలస్యంగా అడిగానురా," అన్నారు. అడిగేవాళ్ల మొహంలోనే వాళ్లకు కావలసిన జవాబు ఉంటుందని నేను తొందరగానే నేర్చుకున్నాను. అది చూసి చెప్పేవాణ్ని. కలిసొస్తే ఊరంతా చెప్పేవాళ్లు. కలిసిరాకపోతే నాకంటే ముందు వాళ్లే ఏదో ఒకటి చెప్పి సర్దేసేవాళ్లు. బెల్లం ముక్కలు, వేరుశనక్కాయలు, గోళీలాటలో మొదటి దెబ్బ నాదే. బాగుండేది. బాగుండలేదని అంటే అది మళ్లీ అబద్ధం అవుతుంది.

మా పక్కింటి పెద్దమ్మకు అప్పటికే ఊళ్లో ఒక పేరుంది. అది నాలాగా ఊరికే వచ్చింది కాదు. పండుమిరపకాయల పచ్చడికి, మేం కొరివికారం అంటాం, ఆవిడ చెయ్యి పడాలి. కాయ కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, రోట్లో తొక్కడం ఏ ఇంటివాళ్లయినా చేసుకుంటారు. ఉప్పు వేసి కలపడానికి మాత్రం ఆవిణ్ని పిలిచేవాళ్లు. ఆవిడ కలిపిన జాడీ మళ్లీ కాయ పండేదాకా చెడదని నమ్మకం. వేరే వీధుల నుంచి కూడా వచ్చి తీసుకెళ్లేవాళ్లు. పిలిచిన ప్రతి ఇంటి నుంచీ చిన్న గిన్నెడు పచ్చడి తెచ్చుకునేది. ఏ ఇంట్లో ఉప్పు ఎక్కువ తింటారో, ఏ ఇంట్లో చింతపండు దగ్గర పిసినారితనం చేస్తారో, అన్నీ ఆవిడకు తెలుసు. పెదనాన్న లారీ మీద వెళ్లేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కౌలుకు తీసుకున్న మిరపచేను ఆవిడే చూసుకునేది.

మరుసటి ఏడు, నేను మూడో తరగతిలో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచి అన్నం పెట్టింది. వేడన్నం, కొరివికారం, పైన నెయ్యి. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తింటున్నాను. ఆవిడ కల్లం నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో కూలబడింది. కోతకు కూలీలు రాక రెండు పూటలూ తనే కోస్తోంది.

"ఒరే నాన్నా, కాయ ఈ పూటకి పరిచినట్టే ఉంచేయొచ్చంటావా?" అంది.

నాకు ఇంకో ముద్ద నెయ్యి వేయించుకోవాలని ఉంది. ఆవిడ మొహం చూశాను. ఉంచొచ్చని చెప్పించుకోవాలని ఉందని తెలుస్తూనే ఉంది. "వాన రాదు పెద్దమ్మా," అన్నాను, నోట్లో ముద్ద పెట్టుకునే.

తెల్లారేసరికి వాన దంచేసింది. తాతయ్య వెనకాల నేనూ కల్లానికి వెళ్లాను. ఆవిడ కల్లంలో నుంచి ఎర్రటి నీళ్లు కాలవ కట్టి పోతున్నాయి. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా తడిసిన కాయను చీర కొంగులోకి ఏరుతోంది. ఆ కాయ కొంగుకు పట్టేది కాదు. అయినా ఏరుతోంది. చుట్టూ జనం చేరారు. ఎవరో, "పిల్లాణ్ని అడగలేదా?" అన్నారు. "అడిగాను, రాదన్నాడు," అంది పెద్దమ్మ.

అందరూ నావైపు చూశారు. ఇక తెలిసిపోతుందనుకున్నాను. భయంతో పాటు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒక రకమైన హాయి కూడా కలిగింది. ఇక ఎవరూ నన్ను ఏమీ అడగరు.

అప్పుడు మా నాయనమ్మ అందుకుంది. "అన్నం తినే పిల్లాణ్ని అడిగితే ఎట్టా నిలుస్తుందమ్మా మాట? ఎంగిలి నోటితో చెప్పించుకుంది. మా గుమ్మంలో నుంచి ఇదంతా నేను చూస్తానే ఉన్నా."

జనం ఊపిరి పీల్చుకున్నారు. నిజం, ఆ చప్పుడు నాకు వినిపించింది. నా వాక్కు పోలేదని వాళ్లకు అంత నిమ్మళం. ఒక్కొక్కరే అవునవునన్నారు. ఎంగిలి నోటి మాట వాక్కు కాదన్నారు. ఆవిడ చూసుకోవాల్సింది అన్నారు. అన్నం పెట్టడం ఆవిడ చేసిన మంచి. ఆ మంచే ఆవిడ తప్పయింది.

ఆ మర్నాడు పెద్దమ్మ కొబ్బరిచిప్ప, బెల్లం తీసుకుని మా ఇంటికొచ్చింది. పంట పోయిన మనిషి, మా ఇంటికి వచ్చి, నా ముందు వంగి నా బుగ్గలు పట్టుకుంది. "తప్పు నాదేరా నాన్నా. తినేటప్పుడు అడిగాను. మనసులో పెట్టుకోకు," అంది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నాకేం తెలియదు పెద్దమ్మా, నేను ఊరికే చెప్పాను. ఈ పాటి మాట చాలు. నాయనమ్మ నా వెనకాల ఉంది. నేను బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

ఎంగిలమ్మ అని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాలుగు రోజుల్లో ఆ పేరు ఊరంతా ఉంది. ఎవరూ కోపంగా అనేవాళ్లు కాదు, నవ్వుతూ అనేవాళ్లు. నవ్వుతూ అన్నది ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఆవిడ కూడా మొదట్లో నవ్వేది.

తర్వాత పచ్చళ్ల రోజులు వచ్చాయి. పచ్చడికి ఎంగిలి తగిలితే బూజు పడుతుందని మా ఆడవాళ్లకు ఎంత పట్టింపో తెలిసిందే. తిన్న చెంచాతో, తడి చేత్తో జాడీ దగ్గరికొస్తే పిల్లల్ని తరిమేస్తారు. అలాంటిది ఎంగిలమ్మ అని పేరున్న మనిషి చేత ఎవరు ఉప్పు కలిపించుకుంటారు? ఆవిడకు ఏ దోషం లేదని అందరికీ తెలుసు. తెలిసినా పేరు పేరే. మా ఇంట్లో రోలు దగ్గర కాయ తొక్కుతుంటే పెద్దమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కొంగు దోపుకుని. ఏటా అలాగే పిలుపు కోసం నిలబడుతుంది కాబోలు. మా నాయనమ్మ పిలవలేదు. తనే ఉప్పు కలిపింది. కాసేపటికి పెద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడు మా జాడీకి బూజు పట్టింది. కాయలో తడి ఉందంది నాయనమ్మ.

అప్పటి నుంచి మబ్బు కనిపిస్తే నేను ఇంట్లోకి పరిగెత్తేవాణ్ని. ధర కోసం ఆపిన పత్తి మా ఇంట్లో ఒక గది నిండా ఉండేది. ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే ఆ పత్తిలోకి దూరి పీకల దాకా కప్పుకునేవాణ్ని.

ఆ వేసవిలో మా చిన్నత్త పెళ్లికి పరుపులు కుట్టడానికి ఒక సాయిబుగారు వచ్చాడు. మా ఊరివాడే, దూది ఏకడం వాళ్ల తాతల నాటి పని. మేం పిల్లలం మామా అని పిలిచేవాళ్లం. పెద్దవాళ్లతో వేళాకోళం, పిల్లలతో మర్యాద ఆయన పద్ధతి. ఒకరోజు పడమట మబ్బు పట్టింది. ఆఖరి కోత కాయ ఇంకా కల్లాల్లో ఉంది. మా అరుగు మీద నలుగురైదుగురు రైతులు చేరి నా కోసం కేకలేస్తున్నారు. నేను పత్తిలో ఉన్నాను. మామ దూది తీసుకోవడానికి లోపలికొచ్చాడు. అదే సమయానికి నాకు తుమ్ము వచ్చింది.

మామ పత్తి తప్పించి నా మొహం చూశాడు. "ఏరా అల్లుడూ, ఊరందరికీ వాన చెబుతావు, నీ తుమ్ము సంగతి నీకు తెలియలేదా?"

నేను ఏడ్చేశాను. ప్రభ గురించి, తాతయ్యకు చెప్పిన అబద్ధం గురించి, పెద్దమ్మ గురించి, బెల్లం ముక్క గురించి, అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. పక్కనే కూర్చుని వింటూ, "అది ఊగుతోందే," అన్నాడు. నా పై పన్ను. నేను ఏడుస్తున్నంతసేపూ నాలుకతో దాన్ని తోస్తూనే ఉన్నాను. మామ జేబులో నుంచి పరుపు కుట్టే దారం తీసి పంటికి ముడి వేశాడు. "ఇప్పుడు చెప్పు, ఈ పన్ను ఊడుతుందా, ఊడదా?" అన్నాడు. తెలియదు అన్నాను. ఆ మాట అనడం అదే మొదటిసారి. "అదీ!" అని దారం లాగేశాడు.

ఆ పన్ను అరచేతిలో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి అరుగు మీదికి తీసుకెళ్లాడు.

"ఏంటయ్యా, ఇంకా వీడి వాక్కు కోసం కూర్చున్నారా? పోయిందిగా అది!" అన్నాడు.

"పోవడమేంటి?"

"పన్ను ఊడింది, ఇదిగో. పాలపన్ను ఉన్నన్నాళ్లే కదా వాక్కు. ఆ సంగతి మీకు తెలియదా ఏంటి?"

తెలియదని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెలియకేం, మా అమ్మమ్మ అనేది," అన్నాడు ఒకాయన. "కింది పళ్లు ఊడినా ఫర్వాలేదు, పై పన్నుతోనే పోయేది," అన్నాడు ఇంకొకాయన, ఇంకా వివరంగా. మామ వాళ్లిద్దరికీ చాలా గౌరవంగా తలూపాడు. ఒక్క నిమిషం క్రితం లేని ఆచారం, వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదైపోయింది. అందరూ లేచి పట్టాలు కప్పుకోవడానికి కల్లాలకు వెళ్లిపోయారు. నా పేరు అలా, ఒక్క మాట పడకుండా, నాకు అవమానం లేకుండా పోయింది. అంత తేలిగ్గా ఉన్న రోజు నాకు మళ్లీ గుర్తులేదు.

సాయంత్రం మామ దూది ఏకుతుంటే పక్కన కూర్చున్నాను. ఏకిన దూది నా ఛాతీ ఎత్తు లేచింది. "ఎక్కి కూర్చో," అన్నాడు. కూర్చుంటే నేల తగిలింది. "ఎంతుంది కింద?" అన్నాడు. ఏమీ లేదు మామా అన్నాను. "నీ పేరూ అంతే. గుప్పెడు దూదిని ఊరంతా కలిసి ఏకింది. అది పోయినందుకు బెంగ పెట్టుకోకు." దూది ఏకే విల్లు పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించుకుంటూ కాసేపటికి అన్నాడు. "మీ పెద్దమ్మకు వచ్చింది మాత్రం దూది కాదురా. అది కుట్టు. అది విప్పడం నా వల్ల కాదు."

"ఆ పేరు నేను పెట్టలేదు మామా."

"పెట్టలేదులే. కానీ విప్పగలిగినవాడివి నువ్వొక్కడివే."

చెప్తానని ఒప్పుకున్నాను. అప్పుడే వెళ్లాను కూడా. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "పన్ను ఊడిందంటగా, ఏదీ చూపించు," అని నా గడ్డం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆవిడకు పెద్ద బాధేమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పకుండా వచ్చేశాను. రేపు చెప్పొచ్చనుకున్నాను. అలా రేపు రేపంటూనే హైస్కూలుకు అద్దంకి వెళ్లాను, కాలేజీకి గుంటూరు వెళ్లాను, అక్కడే మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. మామ పోయాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా పెద్దమ్మ కనిపించేది, బాగున్నావా అనేది. బాగున్నానని వచ్చేసేవాణ్ని.

ఇన్నేళ్లలో ఎవరికి పేరొచ్చినా, అదే వానలో తడిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పక్కకు చూడటం నాకు అలవాటైంది. అందరి పక్కా చూశాను, నా పక్క తప్ప.

ఈ మధ్య మా ఊరి బడిలో పాత విద్యార్థులందరం కలుసుకున్నాం. మైకులో నన్ను పరిచయం చేసిన మిత్రుడు వాన చెప్పే పిల్లాడి కథ ఎత్తుకున్నాడు. అందులో నేను ఇంకా పొడుగయ్యాను. చివర్లో, "ఒక్కసారే తప్పింది, అదీ మన ఎంగిలమ్మ వల్ల," అన్నాడు. అందరూ నవ్వారు. మంచినీళ్ల ట్రేతో బడిపిల్ల ఒకతె మా వరస మధ్యలో ఆగిపోయింది. పెద్దమ్మ మనవరాలు. ట్రే ఎవరికీ ఇవ్వకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తర్వాత మైకు నా చేతికొచ్చింది. నేను మా పంతుళ్ల గురించి, అప్పటి నేలబల్లల గురించి చక్కగా మాట్లాడి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ల పిల్లాడు మాట్లాడలేకపోయాడంటే అర్థముంది. ఈసారి నాకు ఏ వంకా దొరకలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే వెళ్లాను. పెద్దమ్మ ఇంటి ముందు పట్టా నీడన ఏడెనిమిది మంది ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఒకమ్మాయి సెల్లులో పాటలు పెట్టింది. పెద్దమ్మకు ఎనభై ఉంటాయేమో, పీట వేసుకుని వాళ్ల మధ్యే కూర్చుంది. మనవరాలు గుమ్మంలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉంది, నా వైపు చూడలేదు.

"ఏరా, ఇంత పొద్దున్నే! టీ తాగావా?" అంది పెద్దమ్మ.

పక్కన నేల మీద కూర్చుని, చేతులకు ఏదో ఒక పని ఉండాలని నేనూ కాయలు తీసుకున్నాను. తొడిమ తీస్తూ తీస్తూ చెప్పాను, గొంతు తగ్గించి, ఆవిడకొక్కదానికే. ఆవిడ చేతులు ఆగలేదు.

"ఇదా చెప్పొచ్చింది? ఆ వయసు పిల్లాడికి వాన సంగతి తెలుస్తుందని అడిగాననుకున్నావా?" అంది. "ఒళ్లు హూనమైపోయి ఉందిరా ఆ రోజు. కుప్ప చేసే ఓపిక లేదు. ఎవరైనా ఒకరు ఫర్వాలేదంటే పడుకుందామని అడిగాను. నువ్వన్నావు, నేను పడుకున్నాను. కాయ పోయింది. మళ్లీ ఏడాది పండింది. అది నేనెప్పుడో మర్చిపోయాను."

అప్పుడు చేతులు ఆగాయి.

"పచ్చడికి పిలవలేదు చూడు. మీ నాయనమ్మ రోటి చప్పుడు గోడవతల వినపడేది. ఇంట్లో కూర్చుని వినేదాన్ని." గుమ్మంలో ఉన్న మనవరాలి వైపు తల తిప్పింది. "నిన్న ఇది వచ్చి, నానమ్మా, నిన్ను ఆ పేరుతో ఎందుకంటారు అని అడిగింది. ఏమని చెప్పను?"

"క్షమించు పెద్దమ్మా," అన్నాను.

"నాకు చెప్తే నాకేం కొత్త? వాళ్లకి చెప్పు."

నేను లేచాను. "అమ్మా, ఆ పాట కాస్త ఆపుతావా," అన్నాను. ఆ అమ్మాయి ఆపింది. అందరూ తలెత్తారు. మనవరాలు కూడా.

నేను వాన ఎప్పుడూ చెప్పలేదన్నాను. ప్రభ చూడాలని తాతయ్యకు అబద్ధం చెప్పాను, అనుకోకుండా వాన పడిందన్నాను. పెద్దమ్మ నాకు అన్నం పెట్టి అడిగిన రోజున కూడా నాకు ఏమీ తెలియదు, నెయ్యి కోసం రాదని చెప్పాను. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. ఎంగిలి అని మా ఇంటివాళ్లు అన్నది నా పరువు కోసం. ఆ మాట అబద్ధమని తెలిసి కూడా ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. మీ అందరి ముందు పెద్దమ్మను క్షమించమని అడుగుతున్నాను.

తర్వాత పాటలు పెట్టిన అమ్మాయి, "ఓహో, అందుకా ఆ పేరు! నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ వింటున్నా, ఎందుకో ఎవరూ చెప్పలేదు," అంది. పేరు మిగిలింది, దాని కథ వాళ్లకు చేరనే లేదు. వయసైన ఒకావిడ తల దించుకుని, "మా అత్త బతికున్నన్నాళ్లూ పిలవనీయలేదు వదినా. ఆవిడ పోయాక నేనైనా పిలిచి ఉండాల్సింది," అంది. మనవరాలు పుస్తకం మూసి వచ్చి పెద్దమ్మ వెనకాల నిలబడింది.

పెద్దమ్మ కళ్లు తుడుచుకోబోయి, చేతులకు కారం ఉందని గుర్తొచ్చి ఆగింది. అవతలి మూల ఇదేమీ పట్టకుండా తొడిమలు తీసుకుంటున్న ఒక ముసలామెను చూపించింది.

"దానికి చెవుడు. వినపడి ఉండదు," అంది. "మళ్లీ చెప్పు."

నేను ఆ మూలకు వెళ్లాను. ఆవిడ పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి, వీధిలోకి కూడా వినపడేంత గట్టిగా మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.